టీమ్‌గా యాప్ చేయడం ఎలా: మొదటి వారం నుంచి చెరువు గట్టు దాకా

ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, కాకినాడ, భీమవరం, అమలాపురం, తాడేపల్లిగూడెం వైపు పిల్లల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: “అయిదుగురం ఉన్నామండీ, యాప్ చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?” రెండు నెలలు పోయాక అదే టీమ్ నుంచి ఇంకో ప్రశ్న: “ఎవరి భాగం వాళ్ల ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోందండీ. కలిపితే ఆడట్లేదు. ఎల్లుండే రివ్యూ.”

ఆ రెండో ప్రశ్న అడగాల్సిన అవసరం మీకు రాకూడదని ఇది రాస్తున్నాను. కోడ్ రాయడం చేతకాక ఆగిపోయిన స్టూడెంట్ టీమ్‌లు తక్కువ. అందరి పనీ ఆఖరి వారంలో కలపబోయి ఆగిపోయినవే ఎక్కువ. అందుకని కింది మెట్లన్నిట్లోనూ నేను పట్టుబట్టేది ఒకటే: మొదటి వారంలోనే కలపండి, రోజూ కలుపుతూ ఉండండి, వాడే మనిషి చేతిలో పెట్టి చూడండి.

ఉదాహరణకి రొయ్యల చెరువు లెక్కల యాప్ తీసుకుంటాను. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల ఏ చెరువు దగ్గరికి వెళ్లినా మేత లెక్కల పుస్తకం ఒకటి కనిపిస్తుంది. చెరువులు మీకు దూరమైతే మీ ఊళ్లో జరిగే పని ఏదైనా తీసుకోండి: అంబాజీపేట వైపు కొబ్బరి దింపు లెక్క, కడియం నర్సరీలో మొక్కల స్టాకు, రావులపాలెంలో అరటి గెలల లెక్క, నరసాపురం–సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఇప్పుడు ఏ ఒడ్డున ఉందో చూపించే చిన్న యాప్. ఏది తీసుకున్నా మెట్లు ఇవే.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- ముగ్గురి నుంచి అయిదుగురి దాకా టీమ్. అంతకు మించితే ఒకరి పని ఇంకొకరికి చెప్పుకోవడానికే సాయంత్రాలు అయిపోతాయి.
- ఆ పని రోజూ చేసే మనిషి ఒకరు. రైతు కావచ్చు, నర్సరీలో లెక్కలు రాసే ఆయన కావచ్చు. “అందరికీ పనికొస్తుంది” అని మొదలుపెట్టిన యాప్‌ని తెరిచి చూసేవాళ్లు ఉండరు.
- ప్రతి ఒక్కరికీ గిట్‌హబ్ ఖాతా, అందరికీ కలిపి ఒక ప్రైవేట్ రెపో (టీమ్ కోడ్ అంతా ఉండే ఉమ్మడి చోటు).
- ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్, మంచి యూఎస్‌బీ కేబుల్. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయే ఉంటే ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్ తెర మీదే నడిచే నకిలీ ఫోన్) జోలికి పోకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి యాప్‌ని నేరుగా ఫోన్‌లోనే నడపండి.
- ఒక గూగుల్ షీట్. తీసుకున్న నిర్ణయాలన్నీ అందులో ఉండాలి. వాట్సాప్ గ్రూపులో అనుకున్నవి సాయంత్రానికి పైకి జరిగిపోతాయి, తర్వాత ఎవరికీ దొరకవు.

యాప్ రాయడానికి ఫ్లట్టరా, కోట్లినా అని నెల రోజులు వాదించుకోవద్దు. టీమ్‌లో కనీసం ఇద్దరికి వచ్చింది తీసుకోండి. డేటా దాచడానికి గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ ఉచిత ప్లాన్ చాలు. అదీ కష్టమనిపిస్తే మామూలు వెబ్ పేజీగా చేసి, ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకునేలా ఇవ్వొచ్చు.

మెట్టు 1: ల్యాప్‌టాప్ తెరవకముందు చెరువు దగ్గరికి వెళ్లండి

ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడండి, ఒకరు రాసుకోండి. “మీకు ఏయే ఫీచర్లు కావాలండీ?” అని అడగొద్దు. మర్యాదకొద్దీ ఏదో ఒకటి చెబుతారు, మీరు నెల పాటు అదే చేస్తూ కూర్చుంటారు. “నిన్న పుస్తకంలో ఏం రాశారండీ? ఏ టైముకి రాశారు? ఎవరు రాశారు?” అని అడగండి. ఒప్పుకుంటే రెండు మూడు పేజీలు ఫొటో తీసుకోండి. మీ డేటాబేస్ ఎలా ఉండాలో ఆ పేజీలే చెబుతాయి: చెరువు నంబరు, తేదీ, పూట, మేత నంబరు, ఎన్ని కిలోలు, చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తింటున్నాయో చూడటానికి నీళ్లలో దించే పళ్లెంలో) మేత ఎంత మిగిలింది, తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) ఎంత.

అక్కడ తేలే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. చాలా చోట్ల చెరువు యజమాని ఒకరు, గట్టు మీద ఉండి మేత వేసేది, పుస్తకం రాసేది ఇంకొకరు. యాప్ వాడేది ఆ రెండో మనిషి. ఆయన ఫోన్ ఏదో చూడండి, అందులో ఎంత ఖాళీ ఉందో చూడండి, గట్టు మీద సిగ్నల్ ఎన్ని గీతలు వస్తోందో చూడండి. ఆయన తెలుగులో చదువుతారో, అంకెలు మాత్రమే చూసుకుంటారో అడిగి తెలుసుకోండి.

జాగ్రత్త: ఆ ఫొటోల్లో ఉన్న పేర్లు, ఫోన్ నంబర్లు, వ్యాపారికి ఇవ్వాల్సిన బాకీలు మీ టెస్ట్ డేటాలోకి, పీపీటీలోకి ఎక్కించొద్దు. అంకెలు వాడుకోండి, పేర్లు మార్చండి.

వెనామీ రకం రొయ్య పంట సుమారు మూడు నాలుగు నెలలది, మీ సెమిస్టరూ అంతే. కొత్తగా సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన చెరువు దొరికితే పంట మొదటి రోజుల నుంచి లెక్క మీ చేతిలో ఉంటుంది. అడిగి చూడండి.

మెట్టు 2: ఒక్క పనిని ఒక్క వాక్యంలో రాయండి

మా ఉదాహరణకి ఆ వాక్యం ఇది: “మేత వేసే మనిషి గట్టు మీద నిలబడి, సిగ్నల్ లేకపోయినా, ఈ పూట వేసిన మేతని అర నిమిషంలో నమోదు చేయగలగాలి.”

ఈ వాక్యంలో లేనిదంతా షీట్‌లో “తర్వాత” అనే కాలమ్‌లో పెట్టండి. ఓటీపీ లాగిన్, వాతావరణం, చాట్‌బాట్, ధరల పట్టిక, అన్నీ అందులోకే. కొట్టేయడం లేదు కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఫొటో తీస్తే రొయ్య జబ్బు చెప్పే ఏఐ పెడదామని ప్రతి టీమ్‌లోనూ ఒకరు అంటారు. గైడ్ గారు కూడా ఉత్సాహపడొచ్చు. జబ్బుని నిపుణులు నిర్ధారించిన ఫొటోలు మీ దగ్గర దండిగా లేనప్పుడు అది చేయకండి. మీ యాప్ “జబ్బు లేదు” అని తప్పు చెబితే నష్టపోయేది రైతు పంట. గైడ్ గారికి ఇదే మాట చెప్పండి, పక్కన మీ ఒక్క వాక్యం చూపించండి. ఆ వాక్యం గట్టిగా ఉంటే చాలామంది ఒప్పుకుంటారు.

మెట్టు 3: మొదటి వారంలోనే ఒక దారి చివరిదాకా వేయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. ఒక తెర, ఒక పెట్టె, ఒక బటన్. పెట్టెలో 25 అని కొట్టి బటన్ నొక్కితే ఆ 25 డేటాబేస్‌కి వెళ్లాలి, ఇంకో ఫోన్‌లో కనిపించాలి. రంగులు, లోగో ఏమీ అక్కర్లేదు. అయితే టీమ్‌లో ప్రతి ఒక్కరూ దీన్ని తమ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి (కోడ్‌ని యాప్‌గా తయారుచేసి) తమ ఫోన్‌లో నడపగలగాలి. ఒక్కరికి బిల్డ్ కాకపోయినా ముందుకు కదలొద్దు, అందరూ కూర్చుని అది సరిచేయండి. వెర్షన్లు వేరు కావడం, ఎవరికో ఇన్‌స్టాల్ సగంలో ఆగడం లాంటివి ఇప్పుడైతే ఒక సాయంత్రం పని. రివ్యూ ముందు రోజు రాత్రి అయితే ప్రాజెక్టే పోతుంది.

చూసుకోవడం ఎలా: మొదటి ఫోన్‌లో 25 కొట్టండి. రెండో ఫోన్‌లో వచ్చిందా? రెండు యాప్‌లూ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఇంకా ఉందా? ఉంటే ఈ మెట్టు అయినట్టే.

ఆ తర్వాతే పని పంచుకోండి. “ఫ్రంటెండ్ (తెరలు) నువ్వు, బ్యాకెండ్ (సర్వర్ వైపు పని) నేను, డేటాబేస్ వాడు” అని పంచుకుంటే మూడు భాగాలూ ఆఖర్లోనే కలుస్తాయి. పనుల వారీగా పంచుకోండి. మేత నమోదు తెర నుంచి డేటాబేస్ దాకా ఒకరిది, డీవో నమోదు ఇంకొకరిది, రోజు లెక్క చూపించే తెర మూడో మనిషిది. అలాగైతే ఎవరి పని పూర్తయిన రోజు అది యాప్‌లో కనిపిస్తుంది. ఒకరికి డిజైన్ మాత్రమే వస్తే ఇంకొకరి పక్కన కూర్చోబెట్టండి, ఇద్దరూ కలిసి ఒక పని చేస్తారు.

పంచుకునే ముందు పేర్లు, కొలతలు షీట్‌లో రాసి అందరూ ఒప్పుకోవాలి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ టీమ్ ప్రాజెక్టుల్లో ఎక్కువ గొడవ ఇక్కడే. మేత తెర రాసే అమ్మాయి “మేత: 4” అంటే 4 బస్తాలు అనుకుంటుంది. లెక్క తెర రాసే అబ్బాయి 4 కిలోలు అనుకుంటాడు. బస్తా 25 కిలోలైతే 100 కిలోల మేత రిపోర్టులో 4 కిలోలుగా కనిపిస్తుంది. ఇద్దరి కోడూ విడివిడిగా తప్పు లేనిదే. అందుకే షీట్‌లో ప్రతి అంశానికీ ఈ నాలుగూ రాయండి: కోడ్‌లో దాని పేరు, కొలత (కిలోలా, గ్రాములా, బస్తాలా), ఖాళీగా వదలొచ్చా, ఒక ఉదాహరణ. బస్తాల్లో చెప్పడం రైతుకి అలవాటైతే తెర మీద బస్తాలే ఉంచండి, దాచేది మాత్రం ఎప్పుడూ కిలోల్లోనే.

మెట్టు 4: గిట్ అలవాట్లు

కోడ్‌లో ఎవరు ఏం మార్చారో గుర్తుంచుకుని అందరి పనీ కలిపేది గిట్. జిప్ ఫైల్ చేసి వాట్సాప్‌లో పంపుకోవడం మొదటి రోజే మానేయండి. “ఫైనల్”, “ఫైనల్ 2”, “లాస్ట్ ఫైనల్” అని మూడు ఫైళ్లు తయారవుతాయి, సరైనది ఏదో ఎవరికీ తెలియదు. కమాండ్లంటే భయమైతే గిట్‌హబ్ డెస్క్‌టాప్ వాడండి, బటన్లతోనే పని అవుతుంది.

పని మొదలుపెట్టే ముందు పుల్ చేయండి, అంటే మిగతావాళ్లు మార్చినవి మీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోండి. ప్రతి పనికీ ఒక చిన్న బ్రాంచ్ (కోడ్‌కి విడి కాపీ లాంటిది) తీసుకోండి, రెండు రోజులు దాటకుండా మెయిన్‌లో (అందరి ఉమ్మడి కోడ్‌లో) కలిపేయండి. కలిపే ముందు ఇంకొకరు చదవాలి, వాళ్ల ఫోన్‌లో నడిపి చూడాలి. మెయిన్ బ్రాంచ్ ఏ రోజు తీసుకున్నా నడవాలి. అది ఆగిపోతే మిగతా పనులు పక్కన పెట్టి ముందు దాన్ని లేపండి.

కాన్‌ఫ్లిక్ట్ వస్తే కంగారు పడకండి. ఒకే లైన్‌ని ఇద్దరు మార్చారని గిట్ చెబుతోంది, అంతే. ఆ లైన్ రాసిన ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏది ఉండాలో తేల్చండి. ఒక్కరే కూర్చుని “నాదే ఉంచు” అని నొక్కేస్తే అవతలివాళ్ల రెండు రోజుల పని మాయమవుతుంది. సరిచేశాక ఫైల్‌లో వరసగా ఏడు < గుర్తులు ఎక్కడైనా మిగిలాయేమో వెతకండి. మిగిలితే బిల్డ్ కాదు. మెయిన్ మీద ఫోర్స్ పుష్ (అక్కడున్నదాన్ని చెరిపి మీది బలవంతంగా ఎక్కించడం) ఎవ్వరూ చేయొద్దు.

ఇంకో హెచ్చరిక. సర్వీస్ అకౌంట్ కీ ఫైల్ (మీ డేటాబేస్‌కి తాళం చెవి లాంటిది), పాస్‌వర్డ్‌లు రెపోలో పెట్టకండి, గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో) చేర్చండి. పొరపాటున వెళ్లిపోతే ఫైల్ తీసేసి కమిట్ చేసినంత మాత్రాన పోదు, పాత చరిత్రలో అలాగే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం.

మెట్టు 5: సిగ్నల్ లేనప్పుడు

కాలేజీ వైఫైలో ఆడిన యాప్ గట్టు మీద ఆడకపోవడం మామూలే. ఫైర్‌బేస్‌లోని డేటాబేస్ అయిన ఫైర్‌స్టోర్‌లో ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్‌కి ఆఫ్‌లైన్ నిల్వ ముందే ఆన్ అయి ఉంటుంది, వెబ్‌కి మాత్రం మనమే ఆన్ చేయాలి. కాబట్టి సగం పని వాళ్లే చేసిపెట్టారు. మిగతా సగంలోనే టీమ్‌లు ఇరుక్కుంటాయి.

నమోదు చేశాక “సర్వర్ నుంచి జవాబు వచ్చేదాకా ఆగు” అని రాస్తారు. సిగ్నల్ లేనప్పుడు ఆ జవాబు రాదు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. అంకె ఫోన్‌లో భద్రంగానే ఉంటుంది కానీ ఆ సంగతి వాడే మనిషికి తెలియదు. ఆయన మళ్లీ నొక్కుతాడు, మళ్లీ నొక్కుతాడు. సిగ్నల్ రాగానే ఒకే మేత మూడుసార్లు ఎక్కుతుంది. పరిష్కారం ఇది: బటన్ నొక్కగానే అంకెని జాబితాలో చూపించండి, పక్కన “ఇంకా పంపలేదు” అని చిన్న గుర్తు పెట్టండి, సర్వర్‌కి చేరాక ఆ గుర్తు తీసేయండి. ఒకసారి నొక్కాక బటన్ పనిచేయకుండా ఆపండి. నమోదు తెర తెరిచినప్పుడే ఫోన్‌లో ఒక ఐడీ తయారుచేసి ఆ ఐడీతోనే రాయండి. అప్పుడు రెండుసార్లు వెళ్లినా ఒకే నమోదుగా ఉంటుంది.

చూసుకోవడం ఎలా: ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మూడు నమోదులు చేయండి. యాప్ మూసేయండి. మళ్లీ తెరవండి, మూడూ కనిపించాలి. ఏరోప్లేన్ మోడ్ తీసేయండి. రెండో ఫోన్‌లో సరిగ్గా మూడే రావాలి. రెండు వచ్చినా, నాలుగు వచ్చినా ఈ మెట్టు కాలేదు.

ఇక్కడే ఇంకోటి. ఫైర్‌స్టోర్ మొదలుపెట్టినప్పుడు “టెస్ట్ మోడ్” ఎంచుకుంటే 30 రోజుల పాటు ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు. 30 రోజులు అయ్యాక తలుపులు మూసుకుంటాయి, యాప్ మొత్తం “పర్మిషన్ లేదు” అంటుంది. నిన్నటిదాకా ఆడింది ఈరోజు ఎందుకు ఆడట్లేదో తెలియక టీమ్ అంతా టెన్షన్ పడి కోడ్ అంతా తిరగేస్తుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు. రెండో వారంలోనే సెక్యూరిటీ రూల్స్ సరిగ్గా రాసుకోండి: లాగిన్ అయినవాళ్లు తమ చెరువు డేటా మాత్రమే చూడగలగాలి.

మెట్టు 6: తేదీలు, లెక్కలు

చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారేముందు. రాత్రంతా నీళ్లలోని ప్రతి జీవీ ఆక్సిజన్ వాడుకుంటుంది, వెలుతురు ఉండదు కాబట్టి నాచు కొత్తగా తయారుచేయదు. అందుకే డీవో చూసేది, ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) సంగతి చూసుకునేది ఆ వేళలోనే. మీ యాప్‌కి అసలు పరీక్ష కూడా అదే వేళ.

చాలా చోట్ల సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఉమ్మడి గడియారంలో) దాస్తారు. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. తెల్లవారుజామున 4:30కి నమోదు చేసిన డీవో యూటీసీలో ముందు రోజు రాత్రి 11 గంటలకి పడుతుంది. తేదీని మీరు యూటీసీ నుంచి తీస్తే ఈరోజు లెక్క నిన్నటి రోజులో చేరుతుంది. మధ్యాహ్నం కాలేజీలో కూర్చుని టెస్ట్ చేస్తే ఈ తప్పు ఎన్నడూ దొరకదు. ఫోన్ గడియారాన్ని 4:30కి మార్చి ఒక నమోదు చేసి తేదీ చూడండి. తర్వాత 5:45కి మార్చి ఇంకోటి చేయండి. రెండూ ఒకే తేదీలో ఉండాలి.

లెక్కల్లో రెండు చోట్ల జాగ్రత్త. పంటకి వాడిన మేత 1,500 కిలోలు, పట్టుబడిలో వచ్చిన రొయ్య 1,200 కిలోలు అయితే ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి పట్టిన మేత) 1.25. కోట్లిన్‌లో, జావాలో రెండు పూర్ణాంకాలని భాగిస్తే దశాంశం ఎగిరిపోయి 1 వస్తుంది. రైతు ఆ 1 చూసి నవ్వుతాడు, ఆ తర్వాత యాప్ తెరవడు. అలాగే కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. సగటు బరువు 20 గ్రాములైతే 50 కౌంట్. బరువు పెట్టె ఖాళీగా ఉంటే సున్నాతో భాగించబోయి యాప్ పడిపోవచ్చు. ఖాళీ, సున్నా, 12.5, కామాతో 1,200, ఈ నాలుగూ ప్రతి పెట్టెలో కొట్టి చూడండి.

మెట్టు 7: తెర మీద తెలుగు

ఇంగ్లిష్‌లో అమర్చిన తెరలో తెలుగు పెడితే కింద ఒత్తులు, పైన గుడులు కోసుకుపోతాయి. బటన్ ఎత్తు ఇంతే అని అంకె పెట్టి బిగించకండి, అక్షరాన్ని బట్టి పెరిగేలా వదలండి. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది చేసి, “చెక్ ట్రేలో మిగిలిన మేత” లాంటి పొడవైన మాట పూర్తిగా కనిపిస్తోందా చూడండి. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అనే ఒక్క అక్షరం ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లనే పడగొట్టింది, ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే మన లిపి దగ్గర తడబాటు వచ్చిందంటే మనం తెలుగుని ప్రత్యేకంగా టెస్ట్ చేయాలి.

మాటలు గట్టు మీద మాటలే పెట్టండి. మేత, చెక్ ట్రే, డీవో, పట్టుబడి. నిఘంటువు తెరిచి “ద్రావిత ప్రాణవాయువు” అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. అంకెలు కొట్టే చోట అంకెల కీబోర్డే రావాలి. వాడే మనిషి చేతులు తడిగా ఉంటాయి, మేత అంటుకుని ఉంటుంది, కాబట్టి బటన్లు పెద్దవి చేయండి. మిట్టమధ్యాహ్నం ఎండలోకి తీసుకెళ్లి చూడండి. లేత బూడిద రంగు అక్షరాలు అక్కడ అసలు కనిపించవు.

మెట్టు 8: ఫోన్‌లోకి ఎక్కించడం

ఏపీకే ఫైల్‌గా (ఫోన్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్‌గా) ఇవ్వడం సులువే, కానీ ఒక ఉచ్చు ఉంది. ప్రతి ల్యాప్‌టాప్‌కీ దాని సొంత డీబగ్ కీ (యాప్ మీద వేసే సంతకం లాంటిది) ఉంటుంది. మొన్న ఒకరి ల్యాప్‌టాప్‌లో చేసిన ఏపీకే రైతు ఫోన్‌లో ఉంది, ఈరోజు ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో చేసినది దాని మీద వేయబోతే ఇన్‌స్టాల్ కాదు. పాతది తీసేసి వేయాల్సి వస్తుంది. తీసేస్తే, సర్వర్‌కి ఇంకా చేరని నమోదులన్నీ దాంతోపాటు పోతాయి. మొదట్లోనే టీమ్‌కి ఒక రిలీజ్ కీ తయారుచేసుకోండి, దాన్ని, పాస్‌వర్డ్‌ని ఇద్దరి దగ్గర భద్రంగా ఉంచండి, రెపోలో మాత్రం కాదు. బయటికి ఇచ్చే ప్రతి ఏపీకేకీ అదే కీ వాడండి, ప్రతిసారీ వెర్షన్ కోడ్ (యాప్ వరస సంఖ్య) పెంచండి.

ప్లే స్టోర్‌లో పెట్టాలనుకుంటే ముందే లెక్క వేసుకోండి. డెవలపర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలైతే, కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్‌లో (మీరు ఎంచుకున్నవాళ్లే యాప్ వాడి చూసే దశలో) ఉన్నాకే యాప్‌ని అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోవాలి. రివ్యూకి పది రోజుల ముందు మొదలుపెడితే అయ్యే పని కాదు. అంత వ్యవధి లేకపోతే ఏపీకేతోనే చూపించండి, దాంట్లో తక్కువేమీ లేదు.

మెట్టు 9: టీమ్‌లో మనుషులు

వారానికి రెండుసార్లు పావుగంట కలవండి. నిలబడి అయినా సరే, క్యాంటీన్‌లో అయినా సరే. ఒక్కొక్కరూ మూడే చెప్పాలి: ఏం పూర్తయింది (ఫోన్‌లో చూపించాలి), తర్వాత ఏం చేస్తారు, ఎక్కడ ఆగారు. “దాదాపు అయిపోయింది” అనే మాట లెక్కలోకి రాదు. మెయిన్‌లో కలిస్తే అయినట్టు, కలవకపోతే కానట్టు.

ఆగిపోయినవాళ్లు నోరు విప్పరు, ఇది ప్రతి టీమ్‌లోనూ ఉండేదే. తనకే రావట్లేదేమో, అడిగితే చులకనైపోతానేమో అని లోలోపల నలిగిపోతారు. పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, సాయంత్రం బస్సు తప్పితే ఇల్లు చేరలేని పిల్లలు కాలేజీ అయ్యాక కూర్చునే మీటింగులకి రాలేకపోతే “పని చేయట్లేదు” అని ముద్ర వేయొద్దు, మీటింగ్ టైము మార్చండి. ఒక నియమం పెట్టుకోండి: ఏ సమస్య మీదైనా రెండు గంటలు సొంతంగా ప్రయత్నించాక గ్రూపులో అడిగి తీరాలి. అడిగినవాళ్లని వెక్కిరించకూడదనేది కూడా ఆ నియమంలో భాగమే.

నిజంగానే పని ఎగ్గొట్టేవాళ్లు ఉంటే రెండో వారంలోనే ఒక్కరు వెళ్లి విడిగా మాట్లాడండి, అందరి ముందు కాదు. రెండు రోజుల్లో అయ్యే చిన్న పని ఒకటి ఇవ్వండి. అది కూడా కాకపోతే గైడ్ గారితో చెప్పండి. ఎవరు ఏం చేశారో గిట్ చరిత్రలో ఉంటుంది కాబట్టి మీరు ఫిర్యాదులా చెప్పక్కర్లేదు. ఆఖరి వారం దాకా ఓర్చుకుని అప్పుడు పేలితే యాప్‌తోపాటు స్నేహమూ పోతుంది.

క్యాలెండర్‌లో మిడ్స్, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ వారాలు ముందే కొట్టేయండి. సంక్రాంతి వారం కూడా. మన జిల్లాల్లో ఆ వారం ఎవరూ ల్యాప్‌టాప్ తెరవరు, తెరుస్తామని అనుకోవడం అనవసరం. పండక్కి ఇళ్లకి వెళ్లే ముందు రోజుకి మెయిన్ నడుస్తూ ఉండాలి. ఆ యాప్‌ని ప్రతి ఒక్కరూ తమ ఊరికి తీసుకెళ్లి చెరువున్న బాబాయికో, మావయ్యకో చూపించి రండి. “ఇదెక్కడ నొక్కాలండీ?” అని వాళ్లు అడిగిన చోటల్లా మీ తెరలో లోపం ఉన్నట్టే, రాసుకోండి.

మెట్టు 10: రివ్యూ ముందు వారం

కొత్త ఫీచర్లు ఆపేయండి. ఉన్నవాటిలో తప్పులు మాత్రమే సరిచేయండి. డెమోకి వాడే ఫోన్ మీద వేరే ప్రయోగాలు చేయకండి. నెట్ లేకపోతే చూపించడానికి స్క్రీన్ రికార్డింగ్ ఒకటి సిద్ధం చేసుకోండి. వైవాలో “ఇది నా భాగం కాదు సార్” అన్న జవాబు మొత్తం టీమ్‌కి దెబ్బ. ఒకరి భాగాన్ని ఇంకొకరు వివరించి చెప్పేలా ముందు రోజు సాధన చేయండి.

నిజంగా పనిచేస్తోందా?

మీరు టెస్ట్ చేయడం వేరు, గట్టు మీద మనిషి వాడటం వేరు. ఒక వారం పాటు యాప్‌ని పుస్తకంతోపాటు వాడమనండి. పుస్తకం మానేయమని ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పొద్దు. వారం తర్వాత వెళ్లి పుస్తకం ఒక పక్క, యాప్ ఒక పక్క పెట్టుకుని వరస వరసా పోల్చండి. పుస్తకంలో ఉండి యాప్‌లో లేనివి ఏవి? అప్పుడు సిగ్నల్ లేదా, ఫోన్ చార్జింగ్ అయిపోయిందా, తెర అర్థం కాలేదా? యాప్‌లో రెండుసార్లు ఉన్నవి ఏవి? తేదీ మారినవి ఏవి? కిలోలు, బస్తాలు తారుమారైనవి ఏవి? ఆ పట్టికని మీ రిపోర్టులో ఉన్నదున్నట్టు పెట్టండి. తప్పుల జాబితా, వాటిని ఎలా సరిచేశారన్నదీ చూసిన ఎగ్జామినర్ అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

యాప్ తెరవడమే మానేస్తే “ఎందుకు వాడట్లేదండీ?” అని నిలదీయకండి. “చివరిసారి ఎప్పుడు తెరిచారు, అప్పుడేం జరిగింది?” అని అడగండి. గోదావరి జిల్లాల మర్యాద తెలిసిందేగా, బాగోలేదని మొహం మీద ఎవరూ చెప్పరు. ఏం జరిగిందో అడిగితే మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు.

కోర్సు అయిపోయాక ఆ డేటా సంగతి ఇప్పుడే తేల్చండి. ఫైర్‌బేస్ ఖాతా ఎవరి పేరు మీద ఉంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, ఎప్పటిదాకా నడుపుతారు, ఇవన్నీ రైతుకి నోటితో చెప్పండి. ఆపేసేటట్టయితే పంట మధ్యలో ఆపకండి, పట్టుబడి అయ్యేదాకా ఉంచండి. మొత్తం లెక్కని ఎక్సెల్ ఫైల్‌గా దించి ఆయనకి ఇవ్వండి. ఆ ఫైల్ ఆయన ఫోన్‌లో తెరుచుకుంటోందా, తెలుగు అక్షరాలు డబ్బాల్లా కాకుండా సరిగ్గా కనిపిస్తున్నాయా అన్నది ఆయన ఎదురుగానే చూసి రండి.